రాబర్టో క్లెమెంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్తూనే ఉంటారు. పెన్ హిల్స్‌లోని గుడి నుంచి ఊరి నడిబొడ్డుకు వస్తే అలెగెనీ నది మీద పసుపు రంగు వంతెన ఒకటి కనిపిస్తుంది. దాని పేరు రాబర్టో క్లెమెంటే వంతెన. ఆ పేరుగల మనిషి ఎవరో తెలుసుకోవాలనుకునేవారికీ, బేస్‌బాల్ మీద కొత్తగా ఇష్టం పుట్టిన పిల్లలకీ ఈ ప్రశ్నలూ జవాబులూ పనికొస్తాయి. క్లెమెంటే కథను చాలామంది ఆయన చావుతో మొదలుపెడతారు. నాకది న్యాయంగా అనిపించదు. ఆ చివరి రాత్రి ఆయన చేసిన పని, బతికినన్నాళ్లూ చేస్తూ వచ్చిందే. అందుకే ఇక్కడ మొదటి నుంచీ చెప్పుకొస్తాను.

క్లెమెంటే ఎవరు, క్లుప్తంగా?

ప్యూర్టో రికోలో పుట్టిన బేస్‌బాల్ ఆటగాడు. 1955 నుంచి 1972 వరకు 18 సీజన్లూ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే ఆడారు. సరిగ్గా 3,000 హిట్లు, 240 హోమ్ రన్లు (సాధారణంగా బంతిని మైదానం దాటించే దెబ్బలు), ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు వరసగా 12, ఏటా చివర్లో జరిగే ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో రెండు విజయాలు. 1972 డిసెంబరు 31 రాత్రి, మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి వయసు 38. ఆటలో అందరికన్నా గొప్పవాళ్లకు దక్కే గౌరవ పీఠం, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అడుగుపెట్టిన తొలి లాటిన్ అమెరికన్ ఆయనే.

నాకు క్రికెట్ తప్ప బేస్‌బాల్ రాదు. ఇది చదివితే అర్థమవుతుందా?

అవుతుంది. నాలుగు సంగతులు తెలిస్తే చాలు. మైదానంలో నాలుగు బేసులుంటాయి; నాలుగోది బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్, అన్నీ చుట్టి అక్కడికి తిరిగొస్తే ఒక పరుగు. పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) విసిరిన బంతిని బ్యాటర్ కొట్టి, ఫీల్డర్లు ఔట్ చేసేలోపు బేస్ చేరుకుంటే అది హిట్. ఎన్ని ప్రయత్నాల్లో ఎన్ని హిట్లు వచ్చాయన్నదే బ్యాటింగ్ సగటు. పది ప్రయత్నాల్లో మూడు హిట్లు కొట్టేవాణ్ని గొప్ప బ్యాటర్ అంటారు. క్లెమెంటే జీవితకాల సగటు .317, అంటే వెయ్యికి 317.

ఇక రైట్ ఫీల్డ్. మైదానంలో కుడివైపు లోతున నిలబడే స్థానమది. అక్కడి నుంచి మూడో బేస్‌కు గాని, హోమ్ ప్లేట్‌కు గాని విసరాల్సిన దూరం ఎక్కువ. కాబట్టి జట్టులో బలమైన చెయ్యి ఉన్నవాణ్ని సాధారణంగా అక్కడ పెడతారు. ఫీల్డర్ విసిరిన బంతితో రన్నర్ ఔటైతే ఆ ఫీల్డర్ ఖాతాలో 'అసిస్ట్' పడుతుంది. మన క్రికెట్లో బౌండరీ దగ్గర్నుంచి విసిరి రనౌట్ చేసినట్టే.

ఎక్కడ పుట్టారు? ఇంటి పరిస్థితి ఏమిటి?

1934 ఆగస్టు 18న ప్యూర్టో రికోలోని కరోలినా పట్టణం, సాన్ అంతోన్ పేటలో. పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు. తండ్రి మెల్చోర్ చెరకు తోటల్లో మేస్త్రీ. తల్లి లూయిసా వాకర్. ఇంట్లో లేమి ఉన్నా తిండికి లోటు లేకుండా తల్లిదండ్రులు కష్టపడ్డారని ఆయన ఎప్పుడూ చెప్పుకునేవారు.

హైస్కూల్లో ఆయన జావెలిన్ త్రోలో దిట్ట. భుజం నుంచి కాక, ఒళ్లంతా తిప్పి విసరడం ఆ బల్లెంతోనే అలవాటైంది. తర్వాత రైట్ ఫీల్డ్ నుంచి ఆయన విసిరిన బంతులు చూసి జనం నోరెళ్లబెట్టారంటే దానికి మూలం ఇక్కడ ఉంది. చిన్నప్పటి ఆరాధ్యుడు మాంటీ ఇర్విన్. నల్లజాతి ఆటగాళ్ల లీగుల్లో పేరు తెచ్చుకుని, చలికాలంలో ప్యూర్టో రికోకు వచ్చి ఆడిన అమెరికన్ ఆయన.

1952లో, 18 ఏళ్లకే, ప్యూర్టో రికోలోని శాంతుర్సే జట్టులో చేరారు. వారానికి 40 డాలర్లు. రెండేళ్ల తర్వాత అదే జట్టులో ప్రసిద్ధ అమెరికన్ ఆటగాడు విల్లీ మేస్‌తో కలిసి ఔట్‌ఫీల్డ్‌లో ఆడే అదృష్టం దక్కింది. 1955లో ఆ జట్టు కరేబియన్ సిరీస్ గెలిచింది.

ప్యూర్టో రికో అమెరికాలో భాగమా, వేరే దేశమా?

అమెరికా అధీనంలోని ద్వీపం. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే. ఇంటి భాష మాత్రం స్పానిష్. క్లెమెంటే పౌరసత్వం రీత్యా అమెరికన్, అమెరికన్ల కళ్లకు విదేశీయుడు. ఈ ఇబ్బంది ఆయన్ని జీవితాంతం వెన్నాడింది.

మొదట ఒప్పందం చేసుకున్నది బ్రూక్లిన్ డాడ్జర్స్ కదా. పైరేట్స్‌కు ఎలా వచ్చారు?

బేస్‌బాల్ చరిత్రలో ఒక జట్టు చేజేతులా పోగొట్టుకున్న గొప్ప ఆటగాళ్ల జాబితా రాస్తే క్లెమెంటే పేరు పైవరసలో ఉంటుంది.

1954 ఫిబ్రవరిలో డాడ్జర్స్ ఆయనకు 10,000 డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకుంది. అప్పటి నిబంధన ప్రకారం 4,000 డాలర్లకు మించి బోనస్ తీసుకున్న కుర్రాణ్ని ప్రధాన జట్టులోనే ఉంచాలి. కింది లీగుకు పంపితే, సీజన్ ముగిశాక జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. డాడ్జర్స్ ఆయన్ని కెనడాలోని తన కింది లీగు జట్టు మాంట్రియల్ రాయల్స్‌కు పంపింది. అక్కడ ఆయన బెంచీ మీద కూర్చున్న రోజులే ఎక్కువ. ఇతర జట్ల కళ్లు పడకుండా కావాలనే దాచారని కొందరంటారు. కుర్రాడు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఆడించలేదని మరికొందరంటారు. ఏదైతేనేం, 20 ఏళ్ల కుర్రాడికి ఆ సీజన్ నరకమైంది. చలి ఊరు, రాని భాష, ఎందుకు ఆడనివ్వడం లేదో చెప్పే దిక్కు లేదు.

పైరేట్స్ తరఫున క్లైడ్ సుకెఫోర్త్ అనే స్కౌటు (కొత్త ఆటగాళ్లను వెతికే మనిషి) వేరొక పిచ్చర్ను చూడ్డానికి వెళ్లారు. పెద్ద లీగుల్లో వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్‌ను 1945లో అప్పటి డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ దగ్గరికి తీసుకెళ్లింది ఈయనే. ఆట మొదలుకాకముందు ప్రాక్టీసులో, రైట్ ఫీల్డ్ నుంచి ఒక కుర్రాడు బంతులు విసరడం చూశారు. ఇక ఆ పిచ్చర్ సంగతి పక్కకుపోయింది. అంతకు ముందు సీజన్లో అట్టడుగున నిలిచిన పైరేట్స్‌కు డ్రాఫ్టులో మొదటి అవకాశం వచ్చింది. 1954 నవంబరు 22న 4,000 డాలర్లకు క్లెమెంటే పిట్స్‌బర్గ్‌వారయ్యారు.

వచ్చీ రాగానే స్టార్ అయ్యారా?

లేదు. 1955 ఏప్రిల్ 17న తొలి మ్యాచ్ ఆడారు. అదీ తనను వదులుకున్న డాడ్జర్స్ మీదే. మొదటి ప్రయత్నంలోనే హిట్ కొట్టారు గాని, ఆ ఏడాది సగటు .255 దగ్గర ఆగింది. అంతకు ముందు డిసెంబరులో, తాగి బండి నడుపుతున్న ఒకతను ఆయన కారును గుద్దాడు. వెన్నెముక డిస్కులు దెబ్బతిన్నాయి. బ్రెయిన్ ట్యూమర్‌తో మంచాన ఉన్న అన్న లూయిస్‌ను చూసి వస్తున్న రోజులవి. ఆ అన్న దక్కలేదు. ఒళ్లు నొప్పి, మనసు నొప్పి రెండూ మోసుకుంటూనే పెద్ద లీగులో అడుగుపెట్టారు.

మరుసటి ఏడాదికి సగటు .311కు చేరింది.

నొప్పులు నటించేవారని కొందరు రాస్తారు. నిజమేనా?

ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. వెన్ను, మెడ, మోచెయ్యి, మలేరియా... ఆయనకు వచ్చిన ఇబ్బందులు నిజమైనవి. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పేవారు, అదే ఆయన మీద నింద అయింది. తెల్ల ఆటగాడు నొప్పితో ఆడితే 'ఉక్కు మనిషి' అని రాసిన పత్రికలే, క్లెమెంటే నొప్పి ఉందంటే 'సోమరి' అన్నాయి. లెక్క చూడండి: 18 సీజన్లలో 2,433 మ్యాచులు. ఆయన బతికున్న కాలంలో పైరేట్స్ తరఫున అన్ని ఆటలాడినవాళ్లు ఎందరున్నారు? సోమరివాళ్లకు సాధ్యమయ్యే పని కాదది.

బ్యాటింగ్‌కు దిగేముందు ఆయన మెడను అటూ ఇటూ తిప్పి, భుజాలు సర్దుకునేవారు. బేస్‌బాల్ ఆడుకునే పిల్లలంతా ఆ కదలికను అనుకరించేవారు. దాని వెనక ఆ కారు ప్రమాదం ఉంది.

ఆటగాళ్ల బొమ్మలున్న పాత బేస్‌బాల్ కార్డుల మీద 'బాబ్ క్లెమెంటే' అని ఎందుకుంది?

అమెరికన్ నాలుకకు సులువుగా ఉంటుందని పత్రికలూ, కార్డులు ముద్రించే టాప్స్ కంపెనీ, వ్యాఖ్యాతలూ ఆయన్ని బాబ్, బాబీ అనేశారు. ఆయన ఎన్నిసార్లు 'నా పేరు రాబర్టో' అని చెప్పినా టాప్స్ కార్డుల మీద 1969 దాకా బాబ్ అనే వచ్చింది.

ఇంకో అన్యాయం అంతకన్నా చేదు. ఆయన ఇంగ్లీషులో చెప్పిన మాటల్ని విలేఖరులు యాసతో సహా తప్పుతప్పు స్పెల్లింగుల్లో అచ్చువేసేవారు. చదివినవాళ్లకు ఆయన తెలివితక్కువవాడనిపించేలా. ఆ విలేఖరుల్లో ఆయన భాష వచ్చినవారు దాదాపు లేరు. 'మీరు నా భాషలో ఒక్క ముక్క మాట్లాడగలరా?' అని అడిగే హక్కు ఆయనకు ఉంది. ఆ కోపాన్ని ఆయన దాచుకోలేదు. అందుకే ముక్కోపి అన్న ముద్ర కూడా పడింది. ఇంగ్లీషు యాస గురించి ఎప్పుడైనా ఎవరైనా నవ్వితే తలదించుకున్న మన పిల్లలు ఈ ఒక్క జవాబైనా చదవాలని నా కోరిక.

ఆయన ఎదుర్కొన్న వర్ణ వివక్ష ఎలాంటిది?

ప్యూర్టో రికోలో వివక్ష లేదని కాదు గాని, చట్టం పేరుతో వేరుగా కూర్చోబెట్టడం ఆయనకు తెలియదు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో పైరేట్స్ వసంతకాల శిక్షణ జరిగేది. తెల్ల ఆటగాళ్లకు హోటల్. నల్లవారు ఊరికి అవతల నల్లజాతి కుటుంబాల ఇళ్లలో దిగాలి. బస్సులో మ్యాచ్‌కు వెళ్తే దారిలో తెల్లవాళ్లు రెస్టారెంట్‌లోకి వెళ్లి తినేవారు. మిగతావాళ్లు బస్సులోనే కూర్చుంటే, తోటి ఆటగాళ్లు లోపలి నుంచి తిండి తెచ్చి ఇచ్చేవారు.

ఆ పొట్లాలు ముట్టుకోవద్దని క్లెమెంటే తనవాళ్లతో గట్టిగా చెప్పారు. ముట్టుకుంటే తనతో తంటా పడాల్సిందేనన్నారు. తర్వాత యాజమాన్యాన్ని నిలదీసి, నల్లజాతి ఆటగాళ్లు వేరుగా ప్రయాణించడానికి ఒక స్టేషన్ వ్యాగన్ సాధించారు. వివక్ష దాంతో పోలేదు, కానీ బస్సులో కూర్చుని మరొకరి చేతి పొట్లం కోసం ఎదురుచూసే అవమానం తప్పింది.

మార్టిన్ లూథర్ కింగ్ ఆయనకు స్నేహితుడు. ప్యూర్టో రికోలో క్లెమెంటే తోటకు కింగ్ వెళ్లి ఆయనతో మాట్లాడారు. 1968 ఏప్రిల్లో కింగ్ హత్య జరిగాక, అంత్యక్రియలు ముగిసేదాకా మైదానంలోకి దిగేది లేదని పైరేట్స్ ఆటగాళ్లు పట్టుబట్టారు. ఆ నిర్ణయంలో ముందు నిలిచినవారిలో ఆయనొకరు. సీజన్ ఆరంభమే ఏప్రిల్ 10కి వాయిదా పడింది.

1960 వరల్డ్ సిరీస్ గెలిచాక ఆయన ఎందుకు అలిగారు?

న్యూయార్క్ యాంకీస్‌పై ఏడో మ్యాచ్ చివర్లో సహచరుడు బిల్ మజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ గెలిచింది. క్లెమెంటే ఏడు మ్యాచుల్లోనూ హిట్ కొట్టారు. ఆ సీజన్లో .314 సగటుతో 94 పరుగులు రాబట్టారు. అయినా లీగ్ అత్యంత విలువైన ఆటగాడి ఓటింగులో ఎనిమిదో స్థానం! అవార్డు సహచరుడు డిక్ గ్రోట్‌కు వెళ్లింది. గ్రోట్‌కు ఇచ్చినందుకు ఆయనకు బాధ లేదు. ఓటువేసిన పాత్రికేయులు తనను మొదటి ఏడుగురిలో కూడా చూడకపోవడమే మనసులో ముల్లైంది.

జవాబు బ్యాటుతో ఇచ్చారు. 1961లో .351తో లీగ్ బ్యాటింగ్ కిరీటం. మళ్లీ 1964, 1965, 1967లలో. 1966లో 29 హోమ్ రన్లు కొట్టి, 119 పరుగులు రాబట్టాక అత్యంత విలువైన ఆటగాడి అవార్డు కూడా చేతికొచ్చింది.

ఆయన చెయ్యి గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

ఎందుకంటే ఆయన రైట్ ఫీల్డ్‌లో నిలబడితే ప్రత్యర్థి రన్నర్లు పరుగెత్తాలా వద్దా అని ఆలోచించుకోవాల్సి వచ్చేది. ఒక్క 1961లోనే 27 అసిస్టులు. కెరీర్ మొత్తం మీద 266. అసిస్టుల్లో లీగ్ మొదటి స్థానం ఐదుసార్లు. పైగా ఆయన చెయ్యి భయంతో ఆగిపోయిన రన్నర్లు ఏ లెక్కలోనూ కనిపించరు.

పైరేట్స్ అప్పటి సొంత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో కుడివైపు గోడ మీద సగం కాంక్రీటు, సగం కంచె. బంతి తగిలే చోటును బట్టి అది ఒక్కోవైపు తిరిగొచ్చేది. క్లెమెంటే ఆ గోడకు బంతుల్ని కొట్టించుకుని, ఏ కోణంలో తగిలితే ఎటు వస్తుందో గంటలకొద్దీ సాధన చేశారు. మ్యాచ్‌లో బంతి గోడకు తగిలేసరికే ఆయన అది వచ్చే చోట నిలబడి ఉండేవారు. వంగి అందుకోవడం, గిర్రున తిరగడం, విసరడం మూడూ ఒకే కదలిక. దాన్ని పుట్టుకతో వచ్చిన వరమనేస్తే ఆ గంటల సాధనను అవమానించినట్టే.

బ్యాటింగ్ శైలి?

పుస్తకంలో రాసిన పద్ధతికి పూర్తిగా విరుద్ధం. బరువైన బ్యాటు పట్టుకుని, ప్లేటుకు దూరంగా నిలబడి, బాగా బయటికి వెళ్లే బంతుల్ని కూడా వెంటాడి కొట్టేవారు. ఎలా బౌల్ చేయాలో తెలియక పిచ్చర్లు తలపట్టుకునేవారు.

ఒక్క ఉదాహరణ. 1956 జులై 25న చికాగో కబ్స్‌పై చివరి ఇన్నింగ్స్. మూడు బేసుల్లోనూ రన్నర్లు, పైరేట్స్ మూడు పరుగులు వెనక. క్లెమెంటే కొట్టిన బంతి మైదానం దాటలేదు, గోడ వెంట దొర్లింది. ముగ్గురు రన్నర్లూ ఇంటికొచ్చి స్కోరు సమమైంది. మూడో బేస్ దగ్గర కోచ్ ఆగమని చెయ్యి చూపినా ఆయన ఆగలేదు. దుమ్ము రేపుకుంటూ హోమ్ ప్లేటు తాకారు. 9-8తో గెలుపు. గ్రాండ్ స్లామ్ (మూడు బేసుల్లోనూ రన్నర్లుండగా హోమ్ రన్) కొట్టి, అదీ బంతి మైదానంలోనే ఉండగా పరిగెత్తి ఆట ముగించిన సంఘటన మేజర్ లీగుల్లో ఇంకొకటి నమోదు కాలేదు.

జెర్సీ నంబరు 21 ఎందుకు?

మొదట 13 వేసుకున్నారు. తర్వాత 21కి మారారు. 'రాబర్టో క్లెమెంటే వాకర్' అని ఇంగ్లీషులో రాస్తే 21 అక్షరాలు. తండ్రి ఇంటిపేరు తర్వాత తల్లి ఇంటిపేరు రాసుకోవడం స్పానిష్ సంప్రదాయం.

పెళ్లి, పిల్లలు?

1964 నవంబరు 14న కరోలినాలో వేరా సబాలాతో పెళ్లి. ముగ్గురు కొడుకులు: రాబర్టో జూనియర్, లూయిస్, ఎన్రికే. పిల్లలు పుట్టేది ప్యూర్టో రికో గడ్డ మీదే అన్నది ఆయన పట్టుదల, అలాగే జరిగింది. పెళ్లికి ముందు, 1958 నుంచి 1964 వరకు, అమెరికా మెరైన్ దళం రిజర్వులో కూడా పనిచేశారు.

1971 వరల్డ్ సిరీస్‌ను 'క్లెమెంటే సిరీస్' అని ఎందుకంటారు?

అప్పటికి వయసు 37. ప్రత్యర్థి బాల్టిమోర్ ఒరియోల్స్, ఆ రోజుల్లో భయపెట్టే జట్టు. మొదటి రెండు మ్యాచులూ వాళ్లే గెలిచారు. పైరేట్స్ పని అయిపోయిందని పత్రికలు రాసేశాయి.

నాకు ఆ సిరీస్‌లో అన్నింటికన్నా నచ్చేది ఒక చచ్చు బంతి. మూడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. క్లెమెంటే కొట్టింది నేరుగా పిచ్చర్ మైక్ కుయెయార్ దగ్గరికే గెంతుతూ పోయింది. పదిలో పదిసార్లూ ఔటయ్యే దెబ్బ. మామూలుగా ఎవరైనా సగం దూరం నడకలాంటి పరుగు తీసి వెనుదిరుగుతారు. ఆయన ప్రాణం పెట్టి పరిగెత్తారు. తలెత్తి చూసిన కుయెయార్ కంగారుపడి విసిరాడు, బంతి గురి తప్పింది. తర్వాతి బ్యాటర్‌కు వాక్ (పిచ్చర్ గురి తప్పిన బంతులు వేసినందుకు ఊరికే దక్కే మొదటి బేస్), ఆ తర్వాత బాబ్ రాబర్ట్‌సన్ మూడు పరుగుల హోమ్ రన్. సిరీస్ అక్కడ మలుపు తిరిగింది.

ఏడు మ్యాచుల్లో 12 హిట్లు, .414 సగటు. ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్, జట్టు 2-1తో గెలుపు. సిరీస్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఆయనదే. 1960తో కలిపితే, ఆడిన 14 వరల్డ్ సిరీస్ మ్యాచుల్లోనూ హిట్ కొట్టారు.

గెలిచాక టీవీ మైకు ముందుకొచ్చి, ఇంగ్లీషు మొదలుపెట్టేలోపు స్పానిష్‌లో తల్లిదండ్రులను పలకరించారు. తన జీవితంలో ఇది అతి గొప్ప రోజని, తన పిల్లలకు తన దీవెనలని, తనను అమ్మానాన్నలు దీవించాలని అడిగారు. పెద్దల దీవెన అడగడం ప్యూర్టో రికోలో ప్రతి ఇంటి అలవాటు. అమెరికా అంతా చూస్తున్న తెర మీద అంతసేపూ ఆయన భాషే వినిపించింది.

ఆ ఏడాదే సెప్టెంబరు 1న, మేనేజర్ డానీ మర్టా బరిలోకి దింపిన తొమ్మిది మందీ నల్లజాతి, లాటిన్ ఆటగాళ్లే. మేజర్ లీగుల్లో అదే మొదటిసారి. రైట్ ఫీల్డ్‌లో క్లెమెంటే.

3,000వ హిట్ ఎప్పుడు?

1972 సెప్టెంబరు 30, సొంత మైదానం త్రీ రివర్స్ స్టేడియంలో. న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జాన్ మ్యాట్‌లాక్ బౌలింగులో డబుల్ (రెండో బేస్ దాకా చేర్చిన హిట్). చూడ్డానికి వచ్చింది 13,117 మందే. ముందురోజు టామ్ సీవర్ బౌలింగులో కొట్టింది హిట్ అనుకుని సంబరం మొదలైంది గాని, స్కోరర్ దాన్ని ఫీల్డర్ తప్పుగా రాశాడు. 3,000 చేరిన 11వ ఆటగాడు ఆయన. ఆ ఏడాది లీగ్ మ్యాచుల్లో మళ్లీ బ్యాటు పట్టలేదు, మిగిలినవి వచ్చే ఏడాది కొట్టొచ్చనుకున్నారు.

నికరాగువాతో ఆయనకేం సంబంధం?

1972 నవంబరులో అమెచ్యూర్ వరల్డ్ సిరీస్‌కు ప్యూర్టో రికో జట్టు మేనేజరుగా నికరాగువా రాజధాని మనాగువా వెళ్లారు. మూడు వారాలకు పైగా అక్కడున్నారు. బజార్లో తిరిగి జనంతో కబుర్లు చెప్పారు. ఒక కుర్రాడికి కృత్రిమ కాళ్లు పెట్టించడానికి సాయం చేస్తానని మాటిచ్చారు. తిరిగి వచ్చిన కొన్నాళ్లకే, డిసెంబరు 23 అర్ధరాత్రి దాటాక, భూకంపం ఆ నగరాన్ని నేలమట్టం చేసింది. వేలమంది చనిపోయారు.

క్లెమెంటేకు అది పేపర్లో చదివే వార్త కాదు. శాన్ హువాన్‌లోని హిరామ్ బిథోర్న్ స్టేడియం దగ్గర సాయం సేకరణ మొదలుపెట్టారు. గాయని రూత్ ఫెర్నాందెస్ ఆయనకు తోడు నిలిచారు. క్రిస్మస్ పండగ ఇంట్లో జరిగిందో లేదో పట్టించుకోలేదు. బట్టలు, తిండి, మందులు విమానాల్లో పంపించారు. ఇంతలో అక్కడి నుంచి కబురు: నియంత సొమోసా సైనికులు సామాన్లు మింగేస్తున్నారు, బాధితులకు చేరడం లేదు. తాను దగ్గరుంటే వాళ్లకు అంత ధైర్యం రాదని, స్వయంగా బయల్దేరాలని ఆయన నిశ్చయించుకున్నారు.

ఆ విమానానికి ఏమైంది?

అది పాత డీసీ-7 రవాణా విమానం. డిసెంబరు 2నే రన్‌వే పక్క గుంతలోకి దిగి దెబ్బతింది. 31న ఉండాల్సిన బరువుకన్నా రమారమి 1,900 కిలోలు ఎక్కువ ఎక్కించారు. అర్హతగల ఫ్లైట్ ఇంజనీరు లేడు. పగలంతా మరమ్మతులతో ఆలస్యమై, రాత్రి 9.20 ప్రాంతంలో శాన్ హువాన్ నుంచి గాల్లోకి లేచి, ఇస్లా వెర్దే తీరానికి దగ్గర్లోనే సముద్రంలో కూలిపోయింది. ఐదుగురూ మరణించారు. క్లెమెంటే దేహం దొరకలేదు.

జట్టు సహచరుడు, పనామాకు చెందిన మానీ సాంగీయెన్ సంతాప ప్రార్థనకు వెళ్లలేదు. వెతికేవాళ్లతో కలిసి నీళ్లలోకి దూకారు. పైరేట్స్ వాళ్లంతా చర్చిలో ఉన్న ఆ గంటలో ఆయన సముద్రంలో ఉన్నారు.

విమానాన్ని ఎగరనిచ్చినందుకు ప్రభుత్వానిదే బాధ్యతని కుటుంబాలు కేసు వేశాయి. కింది కోర్టు ఒప్పుకుంది, పైకోర్టు కొట్టేసింది.

హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఆట ముగిశాక ఐదేళ్లు ఆగాలి కదా?

ఆయన విషయంలో ఆ నియమం పక్కన పెట్టారు. అంతకు ముందు 1939లో యాంకీస్ ఆటగాడు లూ గెరిగ్ కోసం ఇలా చేశారు. 1973 మార్చి 20న ప్రత్యేక ఓటింగులో 424లో 393 ఓట్లు పడ్డాయి. ఆగస్టు 6న లాంఛనం జరిగింది. ఫలకం మీద పేరు 'రాబర్టో వాకర్ క్లెమెంటే' అని తారుమారుగా చెక్కారు. సరిదిద్దడానికి 2000వ సంవత్సరం దాకా పట్టింది. చనిపోయాక కూడా పేరు సరిగ్గా రాయించుకోవడానికి 27 ఏళ్లు!

రాబర్టో క్లెమెంటే అవార్డు ఎవరికిస్తారు?

మైదానంలో ఆటతో పాటు సమాజానికి సేవ చేసిన ఆటగాడికి. 1971లో కమిషనర్ అవార్డుగా మొదలై, 1973లో ఆయన పేరు పెట్టుకుంది. మొదటిది అందుకున్నది విల్లీ మేస్. ఏటా ప్రతి జట్టూ ఒకరిని ప్రతిపాదిస్తుంది. సెప్టెంబరు 15ను క్లెమెంటే దినంగా జరుపుతారు. ఆ రోజు పైరేట్స్ ఆటగాళ్లంతా 21 వేసుకుంటారు.

జాకీ రాబిన్సన్ 42లాగా 21ని కూడా అన్ని జట్లూ ఎందుకు పక్కన పెట్టలేదు?

42ను 1997లో అన్ని జట్లూ విరమించాయి. 21ని పైరేట్స్ 1973 ఏప్రిల్లోనే విరమించినా, మిగతా జట్లకు ఆ నియమం లేదు. ఆ గౌరవం వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టిన రాబిన్సన్ ఒక్కరికే ఉండాలని ఒక వాదన. లాటిన్ ఆటగాళ్లకు క్లెమెంటేనే ఆ మార్గదర్శి అని రెండో వాదన. నా ఓటు రెండోదానికే. ఈనాడు మేజర్ లీగుల్లో స్పానిష్ మాట్లాడే కుర్రాళ్లు ఇంతమంది తమ పేర్లతో, తమ భాషతో తలెత్తుకుని తిరుగుతున్నారంటే, ఆ దారిలో ముళ్లు ఏరినవాడాయన.

పిట్స్‌బర్గ్ వెళ్తే ఏం చూడాలి?

వంతెన సరే. మ్యాచ్ ఉన్న రోజు దాని మీద వాహనాలు ఆపేస్తారు, జనం నడిచి పైరేట్స్ ఇప్పటి స్టేడియం పీఎన్‌సీ పార్కుకు వెళ్తారు. పిల్లలతో ఆ రోజున వెళ్లడమే బాగుంటుంది. వంతెన అవతలి కొసన ఆయన విగ్రహం ఉంది. స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు చూడండి: 21 అడుగులు.

ఓక్లాండ్‌లో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఫోర్బ్స్ ఫీల్డ్ పాత గోడలో కొంత భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడే పోస్వార్ హాల్‌లో పాత హోమ్ ప్లేటును నేలలో అద్దం కింద భద్రపరిచారు. ఆ ఊళ్లో చదువుకునే మన పిల్లలు రోజూ దాని పక్కనుంచే నడుస్తారు.

లారెన్స్‌విల్ పేటలో, పాత అగ్నిమాపక కేంద్రంలో క్లెమెంటే మ్యూజియం ఉంది. నేరుగా వెళ్తే లోపలికి పంపకపోవచ్చు, ముందుగా బుక్ చేసుకుని వెళ్లండి.